'రోజూ నడపడానికే కొంటున్నా' అని రాసి పంపండి

న్యాయ సలహా

ప్రశ్న: హైదరాబాద్‌లో పాత కార్లు అమ్మే ఓ డీలర్ దగ్గర 2012 మోడల్ బీఎండబ్ల్యూ 320డి చూశాను. డీజిల్ బండి, ఢిల్లీ రిజిస్ట్రేషన్. రెండేళ్లుగా పెద్దగా తిరగలేదట. నాలుగున్నర లక్షలు చెబుతున్నారు. రిపేర్లు చేయించి రోజూ ఆఫీసుకు వెళ్లి రావడానికి వాడుకోవాలని నా ఆలోచన. 'కాగితాలన్నీ మేం చూసుకుంటాం, ముందు అడ్వాన్సు ఇవ్వండి' అంటున్నారు. కొనవచ్చా? తర్వాత ఏదైనా తేడా వస్తే చట్టపరంగా నాకు దారేమిటి?
– ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: కొనవచ్చు. అయితే అడ్వాన్సు ఇచ్చే ముందు చేయాల్సిన పని ఒకటుంది. 'రోజూ ఆఫీసుకు' అని మీరు నాకు రాశారు. అదే మాట డీలర్‌కు కూడా రాతపూర్వకంగా చేరాలి. వాట్సాప్ మెసేజ్ అయినా చాలు: 'ఈ కారును రోజూ ఆఫీసుకు నడుపుకోవడానికి తీసుకుంటున్నాను. అందుకు పనికొస్తుందని మీరు చెప్పిన మాట మీద ఆధారపడి కొంటున్నాను.' దానికి ఆయన ఇచ్చే జవాబును భద్రపరచుకోండి.

ఈ రెండు వాక్యాలకు ఎందుకంత విలువో చెబుతాను. మన దేశంలో సరుకు అమ్మకాలకు వర్తించేది 1930 నాటి వస్తు విక్రయ చట్టం. మంచిచెడ్డలు కొనేవాడే చూసుకోవాలన్నది దాని సాధారణ సూత్రం. ఆ సూత్రానికి 16వ సెక్షన్‌లో మినహాయింపులున్నాయి. సరుకు ఏ అవసరానికో కొనేవాడు ముందే చెప్పి, ఆ సరుకుతో వ్యాపారం చేసే అమ్మకందారు నైపుణ్యాన్ని నమ్మి కొంటే, అది ఆ అవసరానికి తగినంతగా పనికిరావాలి. ఒప్పందంలో రాయకపోయినా ఈ షరతు ఉన్నట్లే లెక్క. 'బ్రాండు పేరు చెప్పి మరీ కొన్నారు కదా, మాకేం సంబంధం' అనే వాదన కూడా అన్నిసార్లూ నిలవదు. ఇంగ్లండ్‌లో 1925లో బుగాటీ కారు విషయంలో ఇదే తేలింది. హాయిగా దూర ప్రయాణాలు చేయడానికి కారు కావాలని కొన్నవాడు ముందే చెప్పాడు, అమ్మినవాడి సలహా మీదే బుగాటీ తీసుకున్నాడు. అది అందుకు పనికిరాకపోవడంతో కోర్టు కొన్నవాడి పక్షాన నిలిచింది. బాల్‌డ్రీ వర్సెస్ మార్షల్ అనే ఈ కేసును మన లా కాలేజీల్లో నేటికీ పాఠంగా చెబుతారు.

దీనికి హద్దూ ఉంది. పాత కారు కొత్తదానిలా ఉండాలని ఏ కోర్టూ అనదు. లోపాన్ని ముందే చెప్పి, ఆ మేరకు ధర తగ్గించి అమ్మితే, అదే లోపం మీద తర్వాత దావా నిలవడం కష్టం. మీరు పరీక్షించి చూసినప్పుడు బయటపడి ఉండాల్సిన లోపాలకూ అంతే. కాబట్టి మెకానిక్‌ను తీసుకెళ్తే తూతూమంత్రంగా చూపించవద్దు. లిఫ్ట్ ఎక్కించి, స్కానర్ పెట్టించి, రిపోర్టు కాగితం మీద తీసుకోండి. 'ఉన్నది ఉన్నట్టుగా కొంటున్నాను, ఎలాంటి బాధ్యతా డీలర్‌ది కాదు' అన్న వాక్యం రసీదులో ఉంటే సంతకం పెట్టకండి. రాతపూర్వక ఒప్పందంతో ఇలాంటి షరతులను తొలగించుకునే వీలు అదే చట్టంలోని 62వ సెక్షన్ ఇస్తోంది.

రసీదులో ఏముండాలి?

రసీదు మీరే రాసుకుని తీసుకెళ్లండి. ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్ ఆర్‌సీలో చూసి కాకుండా బండి మీద చూసి రాయండి. ఆపై ఈ మాటలు చేర్చండి: 'మీటర్ రీడింగ్ ఇంత. రీడింగ్ మార్చలేదు. ఈ కారు వరదలో మునగలేదు. దీనిపై టోటల్ లాస్ క్లెయిమ్ లేదు. ఫైనాన్స్ బాకీ లేదు. ఈ తేదీ, ఈ సమయం వరకు ఉన్న చలానాలన్నీ అమ్మినవారివే.' సమయం కూడా రాయాలి. ఉదయం బండి చేతులు మారి, సాయంత్రం చలానా పడితే ఎవరు కట్టాలో అదే తేలుస్తుంది.

వరద మాట ఊరికే చేర్చమనడం లేదు. 2015లో చెన్నై, 2020లో హైదరాబాద్, 2024లో విజయవాడ వరదల్లో బోలెడు కార్లు నీట మునిగాయి. బీమా కంపెనీలు వదిలించుకున్న బండ్లు బాగుచేయించుకుని మళ్లీ అమ్మకానికి వస్తుంటాయి. జర్మన్ కార్లలో ఎలక్ట్రానిక్స్ ఎక్కువ, వైరింగ్ చాలావరకు కార్పెట్ కింద నుంచే పోతుంది. డ్రైవర్ సీటును వెనక్కి జరిపి, కింది పట్టాల బోల్టులకు తుప్పు పట్టిందేమో చూడండి. కార్పెట్ అంచు ఎత్తితే ఎండిన ఒండ్రు కనిపించవచ్చు. టైరు అంచు మీద డాట్ అక్షరాల వరుస చివర నాలుగంకెలుంటాయి. 2317 అని ఉంటే ఆ టైరు 2017లో 23వ వారంలో తయారైందని అర్థం. గీతలు అరగకపోయినా అంత పాత టైర్లతో హైవే ఎక్కకూడదు. వీటిని ఫొటోలు తీసి ఉంచుకుంటే రేపు అవే సాక్ష్యాలు.

ఢిల్లీ బండి ఎందుకు చవక?

ఢిల్లీ, దాని చుట్టుపక్కల ఎన్‌సీఆర్ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు తిరగకూడదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015లో ఆదేశించింది. సుప్రీంకోర్టు 2018లో ఆ నిషేధం అమలు చేయాలంది. తర్వాత కొన్ని సడలింపులు వచ్చినా, అక్కడి యజమానులు బండ్లను అయినకాడికి అమ్మేశారు. ఆ ఆంక్ష ఎన్‌సీఆర్‌కే పరిమితం. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో అది వర్తించదు. కాబట్టి బండి ఇక్కడ తిరగవచ్చు. కానీ దాని కాగితాలు ఢిల్లీ నుంచి సక్రమంగా కదలాలి.

మొదటి కాగితం ఎన్ఓసీ, అంటే ఫారం 28. ఎన్ఓసీ అడిగాక రిజిస్టరింగ్ అధికారి 30 రోజుల్లో ఇస్తున్నట్లో, నిరాకరిస్తున్నట్లో తెలపాలని మోటారు వాహన చట్టం 48వ సెక్షన్ చెబుతోంది. 'ఎన్ఓసీ ఆర్నెల్లలో వస్తుంది, మీరు నడుపుతూ ఉండండి' అనే మాటను నమ్మవద్దు. ఎన్ఓసీ చేతికి వచ్చాకే పూర్తి డబ్బు ఇవ్వండి. ఆర్‌సీ మీద బ్యాంకు పేరు ఉంటే ఫారం 35తో దాన్ని తీయించాలి. ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొట్టి రిజిస్ట్రేషన్, బీమా, ఫైనాన్స్ వివరాలను మీరే సరిచూసుకోండి. ఇక్కడికి వచ్చాక కొత్త నంబరు, దానికి తగ్గ లైఫ్ ట్యాక్స్ ఉంటాయి. ఆ మొత్తం ఎంతో మీ ఆర్టీఏ ఆఫీసులో ముందే కనుక్కుని బేరంలో కలుపుకోండి.

రెండోది, మీ కారు 15 ఏళ్ల తేదీ. సొంత వాహనాల రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే చెల్లుతుంది. ఆ తర్వాత బండిని తనిఖీ చేయించి ఐదేసి ఏళ్లకు రెన్యువల్ చేయించాలి. 2012లో రిజిస్టరైన మీ బండికి 2027లో ఆ గడువు వస్తుంది. 2022 ఏప్రిల్ నుంచి అమలైన కేంద్ర నిబంధనల ప్రకారం కారు రెన్యువల్ రుసుము రూ.5,000. విదేశంలో తయారై దిగుమతి అయిన కారుకైతే రూ.40,000. 20 ఏళ్లు దాటితే ఈ రుసుములను 2025లో రూ.10,000కు, రూ.80,000కు పెంచారు. ఆలస్యం చేస్తే నెలకు రూ.500 అదనం. బీఎండబ్ల్యూ 2007 నుంచి చెన్నై ప్లాంటులో కార్లు బిగిస్తోంది. మీ కారు అక్కడ బిగించిందా, దిగుమతి అయిందా అన్నది ఆర్‌సీలో ఎలా నమోదైందో కొనకముందే చూడండి.

పేరు మారే వరకు బండి ఎవరిది?

మార్కెట్లో 'ఓపెన్ ట్రాన్స్‌ఫర్' అంటారు. పాత యజమాని ఖాళీ ఫారం 29, 30ల మీద సంతకాలు పెట్టేస్తాడు, బండి ముగ్గురు నలుగురి చేతులు మారుతుంది, ఆర్‌సీలో పేరు మాత్రం మారదు. ఇది అందరికీ ముప్పే. నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2018లో చెప్పింది ఇదే: కారు ఎంతమందికి అమ్ముడుపోయినా, ప్రమాదం నాటికి ఆర్‌సీలో ఎవరి పేరుందో వారే చట్టం దృష్టిలో యజమాని, పరిహారం బాధ్యత వారిదే. కొన్న 30 రోజుల్లో పేరు మార్పుకు దరఖాస్తు చేయడం మీ బాధ్యత.

బీమా సంగతీ అంతే. బండి మీ చేతికొచ్చినప్పుడు థర్డ్ పార్టీ బీమా మీకు బదిలీ అయినట్లే చట్టం భావిస్తుంది. సొంత డ్యామేజీ బీమా అలా బదిలీ కాదని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. 14 రోజుల్లో బీమా కంపెనీకి దరఖాస్తు పెట్టి పేరు మార్పించుకోండి. రెండేళ్లు కదలని బండికి పాలసీ ల్యాప్స్ అయి ఉండే అవకాశమే ఎక్కువ. బీమా లేకుండా రోడ్డెక్కితే మొదటిసారికి మూడు నెలల వరకు జైలు లేదా రూ.2,000 జరిమానా చట్టంలో ఉంది. అంతకన్నా పెద్ద భయం, ప్రమాదం జరిగితే పరిహారమంతా మీ జేబులోంచే కట్టాలి. కాబట్టి డీలర్ షెడ్డు నుంచి గ్యారేజీ దాకా కూడా నడపవద్దు, టోయింగ్ వ్యాన్ మీద తీసుకెళ్లండి.

డీలర్ విషయంలోనూ చూడాల్సినవి రెండున్నాయి. 2023 ఏప్రిల్ నుంచి పాత వాహనాల డీలర్లు రవాణా శాఖ దగ్గర అధీకృత ధ్రువపత్రం తీసుకోవాలి. యజమాని బండి అప్పగించినట్లు ఫారం 29సి ద్వారా తెలియజేయాలి. ఆ రెండూ చూపించమనండి. పక్కా బిల్లు కూడా అడగండి. పాత కారు మీద డీలర్ కట్టే 18 శాతం జీఎస్టీ ఆయన లాభం మీదే తప్ప పూర్తి ధర మీద కాదు.

గ్యారేజీలో మీ హక్కులు

కదలకుండా ఉన్న కారుకు బ్రేక్ ఆయిల్, కూలెంట్ పైపులు, బ్యాటరీ, గేర్‌బాక్స్ ఆయిల్, టైర్లు ముందు చూడాలి. ఇంజిన్ స్టార్టయినంత మాత్రాన బండి రోడ్డుకు సిద్ధమైనట్లు కాదు. షోరూమ్ సర్వీస్ సెంటర్‌కే పోవాలన్న నిబంధనేమీ లేదు. విడిభాగాలు, డయాగ్నస్టిక్ పరికరాలను బయటి గ్యారేజీలకు అందకుండా చేస్తున్నారని కాంపిటీషన్ కమిషన్ 2014లో 14 కార్ల కంపెనీలకు రూ.2,544.65 కోట్ల జరిమానా వేసింది. వాటిలో బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ బెంజ్, ఫోక్స్‌వ్యాగన్ కూడా ఉన్నాయి. ఆ తర్వాత అప్పీళ్లు నడిచినా, బయట బాగుచేయించుకునే స్వేచ్ఛ వినియోగదారుడికి ఉండాలన్న చర్చ అక్కడి నుంచే గట్టిపడింది.

జాబ్ కార్డు మీద ఏ పని, ఏ పార్టు, ఎంత అంచనా అన్నది రాయించండి. 'అంచనా దాటితే నన్ను అడిగాకే పని మొదలుపెట్టాలి', 'తీసేసిన పాత పార్టులు నాకు తిరిగివ్వాలి' అని చేర్చండి. చేసిన పనికి కూలి ఇచ్చేవరకు బండిని ఆపుకునే హక్కు మెకానిక్‌కు కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ఇచ్చింది. అందుకే ఒప్పుకున్న పనేమిటో కాగితం మీద ఉండాలి. ఇంజిన్, రంగు వంటివి మారిస్తే ఆర్‌సీలో నమోదు తప్పనిసరి. కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్లకు విరుద్ధంగా మార్చితే ఆ బండి చెల్లదని సుప్రీంకోర్టు 2019లో స్పష్టం చేసింది.

మోసపోతే?

డీలర్, గ్యారేజీ ఎవరైనా సరే, వినియోగదారుల రక్షణ చట్టం 2019 మీకు వర్తిస్తుంది. ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి. 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. ఫలితం లేకపోతే రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయండి. డీలర్ హైదరాబాద్‌లో ఉన్నా మీరు కరీంనగర్‌లోనే వేయవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షలలోపు ఉంటే ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు. ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు.

డీలర్ కాకుండా మామూలు వ్యక్తి దగ్గర కొంటే ఈ దారి సాధారణంగా ఉండదు. అబద్ధం చెప్పి అమ్మితే కాంట్రాక్టు చట్టం కింద సివిల్ కోర్టుకు వెళ్లి ఒప్పందాన్ని రద్దు చేయించుకోవచ్చు. మీటర్ తిప్పడం, దొంగ కాగితాలు చూపడం వంటి మోసానికి భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద పోలీసు ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఏ దారిలో వెళ్లినా మొదట అడిగేది రాతపూర్వక ఆధారమే. అది ముందే లేకపోతే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లవుతుంది.

ప్రశ్న: చనిపోయిన మా పెదనాన్నగారి 1973 నాటి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ మా షెడ్డులో ఉంది. బాగుచేయించి రోజూ నడపాలని ఉంది. వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోమంటున్నారు. నిజమేనా?
– ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, తొందరపడకండి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన వాహనాలకు 2021 నుంచి వింటేజ్ నమోదు ఉంది. కొత్తగా నమోదుకు రూ.20,000, పదేళ్లు చెల్లుతుంది. కానీ ఆ నమోదుతో బండిని రోజువారీ పనులకు వాడకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు మాత్రమే రోడ్డెక్కించాలి. రోజూ నడపాలంటే మామూలు రెన్యువలే చేయించాలి. దిగుమతి అయిన కారు కాబట్టి రుసుము ఎక్కువ పడుతుంది. ముందుగా వారసులందరి అంగీకారంతో ఫారం 31 ద్వారా పేరు మార్పించండి. అంత పాత ఆర్‌సీ కంప్యూటర్ రికార్డులో ఉండకపోవచ్చు కనుక ఒరిజినల్ పుస్తకంతో ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లి వివరాలు ఎక్కించమని దరఖాస్తు ఇవ్వండి, అందినట్లు రసీదు తీసుకోండి. ఈ పని పూర్తయ్యేదాకా రిపేర్ల మీద పెద్ద ఖర్చు పెట్టవద్దు. పేరు మార్పు, రెన్యువల్ కుదురుతాయని తేలాకే ఇంజిన్ విప్పించండి.