ఉయ్యాలలో బిడ్డ కూడా వినియోగదారే

న్యాయ సలహా

ప్రశ్న: మేడమ్ గారూ, పురుటికి పుట్టింటికి వచ్చాను. బాబు బారసాలకని మా అమ్మ 12 రోజుల కిందట ఊళ్లో ఒక షాపులో మూడు జుబ్బాలు కొంది. మొత్తం 640 రూపాయలు. ‘ప్యూర్ కాటన్, రంగు గ్యారంటీ, పసిపిల్లల ఒంటికి ఏమీ కాదు’ అని షాపాయన చెప్పాడట. ఎర్ర జుబ్బా తొడిగిన పూటే బాబు మెడ చుట్టూ, చంకల్లో దద్దుర్లు లేచాయి. చెమటకి రంగు దిగి పొత్తిగుడ్డకి అంటుకుంది. పిల్లల డాక్టరు గారు ఆ బట్ట మళ్లీ వేయొద్దని చెప్పి పూతమందు రాసిచ్చారు. షాపుకి వెళ్తే ‘బోర్డు చూడలేదా, అమ్మిన సరుకు వాపసు తీసుకోం’ అన్నారు. ఇంత చిన్న మొత్తానికి కేసంటే నవ్వుతారని మా వారు అంటున్నారు. అయినా కొన్నది అమ్మ, వేసుకున్నది బాబు. అడిగే హక్కు నాకుందా?
– ఒక సోదరి, తణుకు

జవాబు: ఉందమ్మా. మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. చాలామంది తల్లులు ఆ సందేహంతోనే ఆగిపోతున్నారు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం డబ్బిచ్చి కొన్నవారు ఒక్కరే వినియోగదారు కాదు. కొన్నవారి సమ్మతితో ఆ వస్తువును వాడుకునేవారు కూడా వినియోగదారులే. మీ అమ్మగారు కొని మనవడికి తొడిగారు కాబట్టి ఆ జుబ్బా విషయంలో మీ బాబు చట్టం దృష్టిలో వినియోగదారు. వినియోగదారు మైనరైతే తల్లిదండ్రులు గానీ, సంరక్షకులు గానీ ఫిర్యాదు చేయవచ్చని సెక్షన్ 2(5) చెబుతోంది. మేనత్త పెట్టిన గౌనుకైనా, స్నేహితులు తెచ్చిన గిఫ్టు ప్యాకుకైనా ఇదే సూత్రం వర్తిస్తుంది. కాకపోతే బిల్లు వాళ్ల దగ్గర ఉంటుంది. మొహమాటపడకుండా దాని ఫొటో అడిగి తీసుకోండి.

బోర్డు పెద్దదా, చట్టం పెద్దదా?

‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని గోడకు రాసిపెట్టినంత మాత్రాన లోపమున్న వస్తువు మీద షాపు బాధ్యత తీరిపోదు. లోపమున్న సరుకును వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి అని సెక్షన్ 2(47) స్పష్టంగా చెబుతోంది. బిల్లు మీద గడువు రాసి ఉంటే ఆ గడువు లోపల, రాయకపోతే 30 రోజుల లోపల ఆ బాధ్యత ఉంటుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతేనని అదే సెక్షన్‌లో ఉంది.

ఒక తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. రంగు నచ్చలేదనో, పసివాడు అనుకున్నదానికంటే బొద్దుగా ఉండి సైజు చాలలేదనో తిరిగిస్తామంటే చట్టం మీకు అండగా రాదు. అది షాపువారి మర్యాద మీద, వారు ముందుగా ఇచ్చిన మాట మీద ఆధారపడిన విషయం. ‘ఏడు రోజుల్లో మార్చుకోవచ్చు’ అని బిల్లు మీద ఉంటే ఆ మాటకు వారు కట్టుబడాలి.

లోపం అంటే ఏమిటి?

చట్టం ఇచ్చిన నిర్వచనం విశాలమైనది. ఏదైనా చట్టం ప్రకారం గానీ, ఒప్పందం ప్రకారం గానీ, అమ్మినవారు చెప్పుకున్న మాట ప్రకారం గానీ ఉండాల్సిన నాణ్యత లేకపోతే అది లోపమే. మీ అమ్మగారితో షాపాయన మూడు మాటలు చెప్పాడు: ప్యూర్ కాటన్, రంగు గ్యారంటీ, పసిపిల్లలకు పడుతుంది. రంగు దిగడంతో రెండోది, డాక్టరు చీటీతో మూడోది తప్పని చూపించవచ్చు. మొదటిది పరీక్షలో తేలుతుంది.

రంగుల విషయంలో ఇంకో సంగతి ఉంది. కొన్ని అజో రంగులు విచ్ఛిన్నమైతే కేన్సర్ కారకాలైన అమీన్లు విడుదలవుతాయి. అందుకే కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 1997 మార్చి 26న 70 అజో రంగుల మీద నిషేధం విధించింది. అంతకు ముందే 42 బెంజిడీన్ ఆధారిత రంగుల మీద నిషేధం ఉంది. రంగు దిగిన ప్రతి బట్టలోనూ నిషిద్ధ రసాయనం ఉందని కాదు. అది కంటికి తెలియదు, లేబొరేటరీ తేల్చాలి. వస్తువులో లోపాన్ని పరీక్ష లేకుండా నిర్ణయించలేనప్పుడు నమూనాను సీలు చేసి లేబొరేటరీకి పంపే అధికారం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఉంది. ఆ ఖర్చును ముందుగా మిమ్మల్ని కట్టమనవచ్చు. ఈ కారణంగానే ఆ ఎర్ర జుబ్బాను ఉతకవద్దు. రంగంటిన పొత్తిగుడ్డను కూడా ఉతకవద్దు. రెండింటినీ విడివిడిగా శుభ్రమైన కాగితంలో చుట్టి దాచండి.

కొనేటప్పుడే చూసుకోవలసినవి

హక్కులు ఎన్ని ఉన్నా బిడ్డ ఒళ్లు కందకముందే జాగ్రత్తపడటం మేలు. పసివాడు నొప్పి ఎక్కడో చెప్పలేడు. అందుకని షాపులోనే జుబ్బాను లోపలి వైపుకు తిరగేయండి. మెడ, చంక, భుజం కుట్లను మీ చెంపకు ఆనించి నెమ్మదిగా లాగండి. పెద్దవాళ్ల చెంపకే గరుకుగా తగిలిన కుట్టు పసిచర్మాన్ని ఒరుస్తుంది. జరీ, చమ్కీ, నెట్టు పైకి ఎంత ముద్దుగా ఉన్నా వాటి దారపు ముళ్లు లోపలి వైపే ఉంటాయి. మెడ దగ్గర నైలాన్ లేబుల్ ఉంటే తొడిగే ముందు అంచు మిగలకుండా కత్తిరించాలి. ఆ లేబుల్‌ను మాత్రం పారేయకండి, బిల్లుకు పిన్ను చేసి ఉంచండి.

బొత్తాన్ని, పూసను గట్టిగా లాగి చూడండి. ఊడి వచ్చేదైతే రేపు అది బిడ్డ నోట్లోకి వెళ్తుంది. మెడ దగ్గర పొడుగాటి తాళ్లు, రిబ్బన్లు ఉన్నవి వద్దు. తల మీంచి దూర్చేదానికంటే ముందువైపు తెరుచుకుని పక్కన ముడివేసే జబ్లా తల నిలవని బిడ్డకు సుఖం. తెల్ల చేతిరుమాలు తడిపి ముదురు రంగు బట్ట మీద రుద్దితే రంగు దిగేదీ లేనిదీ అక్కడికక్కడే తెలుస్తుంది. ఇంటికి తెచ్చాక కుట్టు మార్జిన్‌లోంచి ఒక పోగు లాగి, బిడ్డకు దూరంగా ఆరుబయట కాల్చి చూడండి. నూలు పోగు కాగితంలా కాలి మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. లోపం ఏదీ కనిపించకపోతే కొత్త బట్టను ఒకసారి ఉతికి ఆరేసిన తర్వాతే తొడగండి.

మన ఇళ్లలో బిడ్డకు ముందుగా బాగా ఉతికి మెత్తబడిన పాత నేత చీర ముక్కలు చుట్టడం ఉంది. శుభ్రంగా ఉతికి ఎండలో ఆరేసినంత కాలం అది మంచి పద్ధతే. బారసాల ఫొటో కోసం పట్టుబట్ట వేయాలనుకుంటే లోపల పలుచటి నూలు జబ్లా తొడిగి, వేడుక కాగానే పట్టుబట్ట తీసేయండి.

లేబుల్, బిల్లు

ప్యాక్ చేసి అమ్మే బట్టల మీద తయారీదారు పేరు, చిరునామా, అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ ధర, ఫిర్యాదు కోసం సంప్రదించాల్సిన వివరాలు ఉండాలని 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు చెబుతున్నాయి. దిగుమతి సరుకైతే ఏ దేశానిదో రాయాలి. ఎమ్మార్పీలో పన్నులు కలిసే ఉంటాయి కాబట్టి దాని మీద మళ్లీ జీఎస్టీ వేస్తే ఒప్పుకోవద్దు. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల వరకు ధర ఉన్న రెడీమేడ్ దుస్తుల మీద జీఎస్టీ 5 శాతమే. పసిపిల్లల డైపర్ల మీద పన్ను కూడా అదే రోజున 12 నుంచి 5 శాతానికి తగ్గింది. లేబుల్, ధర ఉల్లంఘనల మీద జిల్లాలోని తూనికలు, కొలతల శాఖకు ఫిర్యాదు చేయవచ్చు.

బిల్లు మీద ‘బేబీ డ్రెస్’ అని కాక ‘100 శాతం కాటన్ జుబ్బా’ అని రాయమని అడగండి. మర్యాదగా అడిగితే చాలామంది రాస్తారు. నోటిమాటకు సాక్ష్యం వెతుక్కునే అవస్థ ఆ ఒక్క గీతతో తప్పుతుంది. మిషన్ మీద వచ్చే బిల్లుల అక్షరాలు కొన్ని నెలల్లో వెలిసిపోతాయి కనుక ఆ రోజే ఫొటో తీసుకోండి. సంతలో కొని బిల్లు లేకపోతే ఫోన్‌పే, గూగుల్ పే చెల్లింపు మెసేజ్ అయినా సాక్ష్యంగా పనికొస్తుంది.

తయారీదారు పేరు లేని సరుకు అమ్మే దుకాణదారు ఒకటి గమనించాలి. తయారీదారు ఎవరో తెలియనప్పుడు ఆ వస్తువు వల్ల కలిగిన హానికి అమ్మినవారే జవాబుదారీ అని సెక్షన్ 86 చెబుతోంది. ‘మేం హోల్‌సేల్‌లో తెచ్చాం, మాకేం తెలుసు’ అంటే చెల్లదు.

ఆన్‌లైన్‌లో కొంటే

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వస్తువు లోపంతో వచ్చినా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేకపోయినా అమ్మకందారు వాపసు తీసుకోవాల్సిందే. ‘ఈ వస్తువుకు రిటర్న్ లేదు’ అన్న షరతు మనసు మార్చుకున్నవారికి వర్తిస్తుందేమో గానీ, లోపమున్న వస్తువుకు వర్తించదు. మీ ఫిర్యాదు అందినట్టు గ్రీవెన్స్ అధికారి 48 గంటల్లో తెలపాలి, నెలలో పరిష్కరించాలి. ‘ఆర్గానిక్’, ‘కెమికల్ ఫ్రీ’ వంటి మాటలు చూసి ఎక్కువ ధర పెట్టి కొన్నట్టయితే ఆ ప్రకటన ఉన్న పేజీని స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. ఆధారం లేకుండా అలా ప్రకటించుకుంటే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. మళ్లీ అదే తప్పు చేస్తే అది 50 లక్షల దాకా పెరుగుతుంది.

ప్రభుత్వ ఆస్పత్రి కిట్‌లో వచ్చిన బట్టలైతే?

ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ బేబీ కిట్లు, తెలంగాణలో 2017లో మొదలైన కేసీఆర్ కిట్ల వంటి పథకాల్లో వచ్చిన బట్టలు ఉచితం. డబ్బు చెల్లించలేదు కాబట్టి వాటి మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడం కష్టం. అంతమాత్రాన నోరు మూసుకోనక్కర్లేదు. ఆస్పత్రి సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఆ బట్టలకు ఏ ప్రమాణాలు పెట్టారు, ఏ పరీక్షలు చేయించారు అని సమాచార హక్కు చట్టం, 2005 కింద అడగవచ్చు. ఆ చట్టం కాగితాల నకళ్లకే పరిమితం కాదు, వస్తువుల ధ్రువీకృత నమూనాలు తీసుకునే హక్కు కూడా ఇచ్చింది. దరఖాస్తు రుసుము 10 రూపాయలు, తెల్లకార్డు ఉన్న పేదలకు అదీ లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి.

మీరు వరసగా చేయవలసింది

ముందుగా దద్దుర్ల ఫొటోలు, డాక్టరు చీటీ, మందుల బిల్లు, జుబ్బాల బిల్లు ఒకచోట చేర్చండి. ఏ బట్ట వల్ల దద్దుర్లు వచ్చాయని అనుమానిస్తున్నారో చీటీ మీద రాయమని డాక్టరు గారిని అడగండి. తర్వాత షాపుకు ఒక ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపండి. అందులో ఎప్పుడు కొన్నారు, ఏం చెప్పి అమ్మారు, ఏం జరిగింది, ఎంత కోరుతున్నారు అన్నవి రాసి, 15 రోజులు గడువు ఇవ్వండి. ఇలా రాస్తే సరిపోతుంది:

‘ఫలానా తేదీన మీ షాపులో బిల్లు నంబరు ఫలానా కింద ప్యూర్ కాటన్, రంగు గ్యారంటీ అని చెప్పి అమ్మిన మూడు జుబ్బాలలో ఎర్రది తొడిగిన రోజే రంగు దిగి, మా బిడ్డకు దద్దుర్లు వచ్చాయి. డాక్టరు చీటీ నకలు జతపరిచాను. జుబ్బాల ఖరీదు 640 రూపాయలు, వైద్యం ఖర్చు చెల్లించి సరుకు వాపసు తీసుకోగలరు. 15 రోజుల్లో స్పందించకపోతే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను.’

ఉత్తరం పంపిన రోజే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. తెలుగులో మాట్లాడవచ్చు. ఇలాంటి చిన్న తగాదాలు కొన్ని అక్కడే తీరిపోతాయి.

తీరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. ఐదు లక్షల రూపాయల లోపు వస్తువుకు రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. పచ్చి బాలింత కాబట్టి విచారణకు వీడియో ద్వారా హాజరవుతామని కమిషన్‌ను కోరవచ్చు. ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉంది. ఎదుటివారికి నోటీసు అందిన మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతున్నా, ఆచరణలో అంతకంటే ఎక్కువ పట్టవచ్చు. వకీలు సాయం కావాలనుకుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. ఫోన్ నంబరు 15100.

మీ వారి మాటకు కూడా జవాబు చెప్పాలి. మొత్తం చిన్నదని కమిషన్ ఫిర్యాదును తోసిపుచ్చదు. ఖరీదుతో పాటు వైద్యం ఖర్చు, బిడ్డ పడ్డ బాధకు పరిహారం, కేసు ఖర్చులు కూడా ఇప్పించే అధికారం దానికి ఉంది. అదే రంగు జుబ్బాలు ఆ షాపు అరల్లో ఇంకా ఉండి ఉంటాయి. ఈ వారంలో బారసాలలున్న ఇళ్లకు అవే వెళ్తాయి. మీ ఉత్తరం అందాక వాటిని తీసేయాల్సిన అవసరం షాపువారికి తెలిసివస్తుంది.

కొని 12 రోజులే అయింది. 30 రోజుల గడువులో ఇంకా 18 రోజులు మిగిలి ఉన్నాయి. ఉత్తరం రేపే పంపండి.