అద్దె వ్యాన్‌లో సెయింట్ లూషియా: ఒక్క రోజులో ద్వీపాన్ని చూసి రావడం ఎలా?

కరీబియన్ సముద్రానికి తూర్పు అంచున, మార్టినిక్‌కు దక్షిణంగా, సెయింట్ విన్సెంట్‌కు ఉత్తరంగా ఉన్న చిన్న దేశం సెయింట్ లూషియా. పొడవు దాదాపు 43 కిలోమీటర్లు, వెడల్పు 22. మ్యాపులో చూస్తే గంటలో చుట్టేయొచ్చనిపిస్తుంది. తీరా రోడ్డెక్కితే కొండ వెంట కొండ, మలుపు వెంట మలుపు. రాజధాని కాస్ట్రీస్ నుంచి పిటాన్ శిఖరాలున్న సూఫ్రియేర్ ఊరికి చేరడానికి గంట నుంచి గంటన్నర పడుతుంది.

అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాలు క్రూజ్ ఓడ మీద ఇక్కడికి వస్తుంటాయి. అమ్మానాన్నల్ని, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చేవాళ్లకు ప్రైవేట్ వ్యాన్ టూర్ ఎంతో అనువైనది. వ్యాన్ మొత్తం మనదే, నడిపే వ్యక్తే గైడు. నచ్చిన చోట ఆగమనొచ్చు, నచ్చకపోతే పోనిమ్మనొచ్చు. పెద్ద బస్సులో దొరకని ఆ వెసులుబాటులోనే దీని విలువంతా ఉంది. అది చేజారకుండా ఉండాలంటే రెండు పనులు చేయాలి: మాట్లాడుకోవాల్సినవన్నీ ముందే తేల్చుకోవాలి, చూసే చోట్లు తగ్గించుకోవాలి.

1. చేతిలో ఎంత సమయం ఉందో లెక్కేసుకోండి

ఓడ కాస్ట్రీస్ రేవులో ఉదయం 8కి ఆగి సాయంత్రం 5కి బయల్దేరుతుందనుకోండి. చూడ్డానికి తొమ్మిది గంటలు. కానీ ఓడ దిగడానికి అరగంట పోతుంది, తిరిగి ఎక్కడానికి గడువు బయల్దేరే సమయం కంటే ముందే ముగుస్తుంది. మీరు బయట సొంతంగా మాట్లాడుకున్న టూర్ ఆలస్యమైతే ఓడ మీ కోసం ఆగదు. అందుకే గడువుకు కనీసం గంటన్నర ముందు రేవుకు చేరేలా చూసుకోండి. చేతికి మిగిలేది ఆరేడు గంటలే. వేసే ప్రణాళికంతా ఆ ఆరేడు గంటలకే వేయండి.

గడియారం విషయంలో ఒక జాగ్రత్త. సెయింట్ లూషియాలో ఏడాది పొడవునా ఒకటే సమయం. చలికాలంలో అమెరికాలోని మయామీ కంటే గంట ముందుంటుంది, వేసవిలో రెండూ ఒకటే. ఓడ సమయం, ద్వీపం సమయం వేరుగా ఉండే రోజులుంటాయి. ముందురోజు రాత్రే ఓడ సిబ్బందిని అడిగి, డ్రైవరుకు ద్వీపం సమయమే చెప్పండి.

విమానంలో వచ్చి రిసార్టులో దిగేవాళ్లు విమానాశ్రయం పేరు చూసుకోవాలి. పెద్ద విమానాలు దిగే హ్యూవనోరా దక్షిణపు కొసన వ్యూఫోర్ట్ దగ్గరుంది, చిన్న విమానాల జార్జ్ చార్ల్స్ విమానాశ్రయం ఉత్తరాన కాస్ట్రీస్‌లో ఉంది. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఈ దేశపు వీసా నియమాలతో పాటు, అమెరికాలోకి మళ్లీ అడుగుపెట్టడానికి తమ వీసా చెల్లుతుందో లేదో టికెట్లు కొనకముందే చూసుకోవాలి.

2. మనుషుల్ని లెక్కపెట్టి వ్యాన్ మాట్లాడుకోండి

ఇక్కడ టూర్లకు ఎక్కువగా తిరిగేవి టొయోటా హైఏస్ లాంటి వ్యాన్లు. పద్నాలుగు సీట్ల బండిలో పద్నాలుగు మంది కూర్చుంటే మలుపుల్లో ఒకరి మీద ఒకరు పడాల్సిందే. పది మంది వరకైతే హాయిగా ఉంటుంది. ధర తరచుగా బండి మొత్తానికి చెబుతారు కాబట్టి, మరో కుటుంబం కలిస్తే తలకు పడేది తగ్గుతుంది. అయితే పొద్దున లేవడంలో, తిండిలో, నడకలో మీతో కలిసేవాళ్లనే కలుపుకోండి.

పసిపిల్లలుంటే చైల్డ్ సీటు ఉందా అని, మోకాళ్ల నొప్పులున్న పెద్దలుంటే ఎక్కడానికి మెట్టు ఉందా అని అడగండి. ఏసీ, ప్రతి సీటుకూ బెల్టు తప్పనిసరి. ఇక్కడ బండ్లు మన దేశంలోలాగే ఎడమవైపు నడుస్తాయి. బండి తలుపు కూడా ఎడమవైపే కాబట్టి, పిల్లల్ని ఎప్పుడూ రోడ్డు అంచు వైపే దించండి.

3. డ్రైవరును ఎంచుకోండి, అన్నీ రాతలో పెట్టుకోండి

లైసెన్సు ఉన్న టాక్సీల నంబరు ప్లేటు మీద టీఎక్స్ అనే అక్షరాలుంటాయి. అది చూసుకోండి. సమీక్షల్లో నక్షత్రాల కంటే మాటలు చదవండి. డ్రైవరు ఏం చెప్పాడో, వాన పడితే దారి ఎలా మార్చాడో, ముసలివాళ్ల కోసం ఎక్కడ ఆగాడో రాసినవి నమ్మదగినవి.

నచ్చిన ఇద్దరు ముగ్గురికి రాసి ఇవి అడగండి:

- చెప్పిన ధర బండి మొత్తానికా, తలకా?
- అమెరికా డాలర్లలోనా, ఈస్ట్ కరీబియన్ డాలర్లలోనా? ఒక అమెరికా డాలరుకు 2.70 స్థానిక డాలర్లు. 1976 నుంచి ఇదే రేటు. ఈ ఒక్క ప్రశ్న అడక్కపోతే లెక్క రెండింతలు దాటి తేడా వస్తుంది.
- ప్రవేశ రుసుములు, భోజనం, మంచినీళ్లు కలిపా, విడిగానా?
- ఓడ ఈ రేవుకు రాకపోతే ముందుగా ఇచ్చిన డబ్బు తిరిగి ఇస్తారా?
- ఎక్కడ కలుసుకోవాలి? కాస్ట్రీస్‌లో ఓడలు ఆగే చోట్లు రెండు, పాయింట్ సెరఫీన్, లా ప్లాస్ కారెనాజ్. మధ్యలో హార్బరు నీళ్లున్నాయి. ఒకచోట డ్రైవరు, మరోచోట మీరు నిలబడితే అరగంట వృథా.

జవాబులన్నీ ఒకే సందేశంలో తెప్పించుకుని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. సిగ్నల్ లేని చోట కూడా అది పనికొస్తుంది.

4. దారి గీసుకోండి: దూరానివి ముందు, దగ్గరివి తర్వాత

తొలిసారి వచ్చినవాళ్లకు పడమటి తీరం చాలు. ద్వీపమంతా చుట్టాలని తూర్పు తీరం కూడా కలిపితే రోజంతా కిటికీలోంచి చూడటమే మిగులుతుంది. నేరుగా సూఫ్రియేర్ వెళ్లిపోండి, దారిలోని వ్యూ పాయింట్లను తిరుగు ప్రయాణానికి ఉంచండి. ఆలస్యమైతే వాటిలో ఒకటి మానేయొచ్చు, పిటాన్లను మాత్రం ఎలాగూ చూసేసి ఉంటారు.

*టెట్ పాల్ నడక బాట.* ఒళ్లు శుభ్రంగా, కాళ్లలో సత్తువ ఉన్నప్పుడే ఇది ముగించండి. ఊరి జనమే నడుపుకుంటున్న బాట ఇది, ముప్పావు గంట పడుతుంది. కొన్ని మెట్లున్నాయి, అవి ఎక్కలేని పెద్దలు కింద కూర్చున్నా దృశ్యం దక్కుతుంది. పైనుంచి గ్రో పిటాన్, పెటి పిటాన్ రెండూ ఎదురుగా నిలబడతాయి. సముద్రంలోంచి నిటారుగా లేచిన ఈ శిఖరాలు అగ్నిపర్వతపు చిక్కటి లావా గడ్డకట్టి ఏర్పడినవి. ఎత్తు దాదాపు 770, 743 మీటర్లు. 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. దేశపు జెండా మీది త్రిభుజాలు వీటివే. గ్రో పిటాన్ ఎక్కడమనేది వేరే రోజు పని, వ్యాన్ టూర్‌లో కలపకండి.

*కోకో తోట.* సూఫ్రియేర్ చుట్టూ ఫ్రెంచివాళ్ల కాలం నాటి ఎస్టేట్లున్నాయి. గోదావరి జిల్లాల్లో కొబ్బరి చెట్ల నీడన కోకో వేసే కుటుంబాల వాళ్లయితే ఇక్కడ కాస్త ఎక్కువసేపు నిలబడతారు. కాయ కొట్టడం, గింజల్ని పులియబెట్టడం, ఎండబెట్టడం అన్నీ చూపిస్తారు. ఈ తోటల్ని పెంచింది ఆఫ్రికా నుంచి బంధించి తెచ్చిన మనుషులు. బానిసత్వం 1838లో పూర్తిగా ముగిశాక, 1859 నుంచి భారతదేశపు కూలీలను ఒప్పందాల మీద ఓడల్లో తెచ్చారు. ఆ చరిత్ర గురించి గైడును అడగండి.

*సల్ఫర్ స్ప్రింగ్స్.* అగ్నిపర్వతపు నోటి దాకా బండి వెళుతుంది. బూడిదరంగు నేలలోంచి నీళ్లు సలసల మరుగుతుంటాయి, కుళ్లిన గుడ్డు వాసన ముక్కుకు కొడుతుంది. మరిగే గుంటల్ని కంచె ఇవతలి నుంచే చూడాలి. కాస్త దిగువన వెచ్చటి నీటి కొలనులు, ఒంటికి పూసుకునే బురద ఉంటాయి. చూడ్డానికి ఒక టికెట్టు, స్నానానికి మరొకటి. వెండి గొలుసులు, పట్టీలు ముందే తీసేయండి, గంధకం తగిలితే నల్లబడతాయి. లేతరంగు బట్టలకు మరక పడుతుంది, పాతవి తెచ్చుకోండి. గర్భిణులు, గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవాళ్లు వేడినీళ్లలోకి దిగకపోవడం మంచిది. మిగతావాళ్లకు కూడా పది, పదిహేను నిమిషాలు చాలు.

*టొరాయ్ జలపాతం లేదా డైమండ్ తోట.* రెండింటిలో ఒకటే పెట్టుకోండి. బురద కడుక్కుని చల్లటి నీళ్ల కింద నిలబడాలంటే టొరాయ్. పూలు, నీడ, నెమ్మదైన నడక కావాలంటే డైమండ్. ఖనిజాలున్న నీళ్లు జారి జారి అక్కడి రాతికి రంగులు పట్టాయి. ఫ్రాన్స్ రాజు పదహారో లూయీ సైనికుల కోసం 1784లో కట్టించిన స్నానపు తొట్లు ఆ తోటలోనే ఉన్నాయి.

తిరుగు దారిలో కర్రపెండలం రొట్టె కాల్చే కెనరీస్ పరిసరాల్లో ఒకసారి ఆగండి, మారిగో బేను పైనుంచి ఒకసారి చూడండి. లోయల్లో అరటి తోటలు దాటుతారు. గెలలకు నీలం ప్లాస్టిక్ సంచులు తొడిగి ఉంటాయి. పురుగు పట్టకుండా, ఆకు రాసుకుని కాయ మీద మచ్చ పడకుండా ఆ ఏర్పాటు.

5. సంచి సర్దుకోండి

నీళ్ల సీసాలు, టోపీ, సన్‌స్క్రీన్, తువ్వాలు, మార్చుకునే బట్టలు, తడి బట్టలకు ప్లాస్టిక్ సంచి, జారని చెప్పులు. జూన్ నుంచి నవంబరు దాకా తుపానుల కాలం, పల్చటి రెయిన్‌కోటు పెట్టుకోండి. డిసెంబరు నుంచి మే వరకు వానలు తక్కువ. సైనికుల దుస్తుల రంగుల చొక్కాలు, టోపీలు మీరూ వేసుకోకండి, పిల్లలకూ వేయకండి. ఇక్కడ పౌరులు వాటిని ధరించడం చట్టరీత్యా నేరం.

బండిలో తిప్పే గుణం ఉన్నవాళ్లు బయల్దేరడానికి అరగంట, గంట ముందే మాత్ర వేసుకుని, ముందు సీట్లో కూర్చుని, ఫోన్ పక్కన పెట్టి దూరంగా చూడాలి. పొద్దున పొట్ట నిండా తినకండి, ఖాళీగానూ ఉంచకండి.

6. బండెక్కగానే చెప్పాల్సిన మాటలు

ముందు ‘గుడ్ మార్నింగ్’ అనండి. కరీబియన్‌లో పలకరింపు లేకుండా నేరుగా పనిలోకి దిగితే అమర్యాదగా అనుకుంటారు. కొట్టులో సరుకు అడిగేటప్పుడూ ఇదే పద్ధతి. ఇంగ్లిష్ దాదాపు అందరికీ వచ్చు. వాళ్లలో వాళ్లు ఫ్రెంచి కలిసిన క్వేయోల్ మాట్లాడుకుంటారు.

తర్వాత మూడు విషయాలు చెప్పండి. రేవుకు ఎన్నింటికి చేరాలి, ఎవరికి ఏ ఇబ్బంది ఉంది, తప్పక చూడాల్సింది ఏది. ఆపైన దారి మార్పు అతనికే వదిలేయండి. ఒకేసారి నాలుగు ఓడలు వచ్చిన రోజున ఏ చోట ఎప్పుడు ఖాళీగా ఉంటుందో మీకంటే అతనికే బాగా తెలుసు.

మాట కలపడానికి క్రికెట్ ఉండనే ఉంది. 2012, 2016 టీ20 ప్రపంచకప్‌లు గెలిచిన వెస్టిండీస్ కెప్టెన్ డారెన్ సామీ ఈ ద్వీపంలోని మికూ ఊరివాడు. 2014లో మన సన్‌రైజర్స్ హైదరాబాద్‌కూ నాయకత్వం వహించాడు. ఉత్తరాన గ్రోజిలేలోని స్టేడియానికి అతని పేరే పెట్టారు. రెండు లక్షల మంది కూడా లేని ఈ దేశానికి రెండు నోబెల్ బహుమతులు దక్కాయి, 1979లో ఆర్థికవేత్త ఆర్థర్ లూయిస్‌కు, 1992లో కవి డెరెక్ వాల్కాట్‌కు. ఇద్దరి పుట్టినరోజూ జనవరి 23. ఈ మాటెత్తితే చాలు, మీ గైడు కథలు వాటంతటవే మొదలవుతాయి.

7. భోజనం సంగతి ముందే తేల్చుకోండి

శాకాహారులైతే బుకింగ్ అప్పుడే చెప్పండి. ‘కూరగాయలు మాత్రమే’ అంటే చాలదు. మాంసం, చేప, రొయ్య, గుడ్డు ఏవి వద్దో పేరుపేరునా రాయండి. చేమాకుతో చేసే కాలలూ సూపులో ఉప్పు మాంసమో పీతో పడుతుంది. చూడ్డానికి మన గారెల్లా ఉండే అక్రాలో ఉప్పుచేప ఉంటుంది. రాస్తాఫారీలు మాంసం లేకుండా వండుకునే భోజనాన్ని ఐటల్ అంటారు. ఆ ఒక్క మాట చెబితే డ్రైవరు సరైన చోటికి తీసుకెళతాడు. కాల్చిన సీమపనస, వేయించిన అరటి, అన్నం, బీన్స్, పప్పు కుటుంబమంతటికీ సరిపోతాయి. కూర చుట్టిన రోటీ ఒప్పంద కూలీలతో కరీబియన్‌కు వచ్చి, ఇప్పుడు అందరి తిండీ అయింది. చేప తినేవాళ్లు పచ్చి అరటికాయ, ఉప్పుచేప కలిపి వండే జాతీయ వంటకం రుచి చూడాలి.

8. డబ్బు ఇచ్చేటప్పుడు

అమెరికా డాలర్లు తీసుకుంటారు, చిల్లర మాత్రం తరచుగా స్థానిక డబ్బులో ఇస్తారు. చిన్న నోట్లు దగ్గరుంచుకోండి. రోజు బాగా గడిస్తే పది, పదిహేను శాతం టిప్ ఇవ్వడం పద్ధతి. దారిలో బేరానికి ఆగిన చోట కొనాలనే మొహమాటం అక్కర్లేదు. కొంటే మాత్రం కోకో ముద్దలు, జాజికాయ, దాల్చిన చెక్క లాంటివి ఎంచుకోండి. తిరిగి అమెరికా వెళ్లేటప్పుడు కస్టమ్స్ దగ్గర తిండి పదార్థాలన్నీ ప్రకటించాలి.

9. తిరిగొచ్చాక ఒక చిన్న పని

ఆ రాత్రే కూర్చుని సమీక్ష రాయండి. ఏ సమయానికి ఎక్కడున్నారో, ఎంత ఇచ్చారో, పెద్దలకు ఏది కష్టమైందో, ఏది తేలికైందో వివరంగా రాయండి. ఒకప్పుడు అరటి ఎగుమతి మీద బతికిన ఈ ద్వీపంలో, ఐరోపా మార్కెట్ రాయితీలు పోయాక ఎన్నో కుటుంబాలు తోటలు వదిలి పర్యాటకుల మీద ఆధారపడ్డాయి. సొంత బండి కొనుక్కుని నడుపుకునే మనిషికి పెద్ద కంపెనీల ప్రకటనల స్తోమత ఉండదు. మీరు రాసే నాలుగు మాటలే అతనికి వచ్చే వారపు ఓడలోంచి మరో కుటుంబాన్ని తెచ్చిపెడతాయి. తొలిసారి వచ్చే ఆ కుటుంబానికీ ఏం అడగాలో, ఎవరిని నమ్మాలో ముందే తెలుస్తుంది.