వీపీఎన్ కలిసింది, ఇల్లు దొరకలేదు

మెల్‌బోర్న్‌కి ఉత్తరాన క్రెయిగీబర్న్‌లో మా ఇల్లు. గత ఏడాది నాన్నగారికి ఒంట్లో బాగోలేదంటే అందరం గుంటూరు వచ్చేశాం. అంతకుముందు ఆయన మా దగ్గరున్నప్పుడు తీయించిన యాంజియోగ్రామ్ రిపోర్టు కావాలన్నారు డాక్టరుగారు. అదేమో తాళం వేసిన ఇంట్లో, నాస్ పెట్టెలో ఉంది. "ఎంతసేపు, వీపీఎన్ ఉందిగా" అన్నాను. ల్యాప్‌టాప్‌లో వైర్‌గార్డ్ వెంటనే కలిసింది. నాస్ మాత్రం పలకలేదు.

ఇంట్లో అమరిక ఇది: రౌటర్ 192.168.1.1, వీపీఎన్ నడిపే రాస్‌బెరీ పై 192.168.1.10, నాస్ 192.168.1.20. వీపీఎన్ లోపల రాస్‌బెరీ 10.8.0.1, నా ల్యాప్‌టాప్ 10.8.0.2.

10.8.0.1కి పింగ్ చేస్తే జవాబొచ్చింది. ఎస్‌ఎస్‌హెచ్‌తో రాస్‌బెరీలోకి వెళ్ళి టీసీపీడంప్ పెట్టి, నాస్‌కి పింగ్ చేశాను. ఒక్క ప్యాకెట్టూ అక్కడిదాకా రాలేదు!

కారణం తెలిశాక నవ్వొచ్చింది. గుంటూరు ఇంటి రౌటర్ కూడా 192.168.1.0/24. నాస్ పక్కగదిలోనే ఉందనుకుని ల్యాప్‌టాప్ అక్కడే వెతుకుతోంది. 1996లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1918 ప్రకారం 192.168తో మొదలయ్యే చిరునామాలు ఎవరైనా వాడుకోవచ్చు. అందులో ఇలాంటి సబ్‌నెట్లు 256 ఉన్నా, ఏ ఊరెళ్ళినా ఓ రామాలయం వీధి ఉన్నట్టు, ఎక్కడ చూసినా ఈ 192.168.1 తగులుతూనే ఉంటుంది.

రెండు రూట్లు పోటీపడితే ఎక్కువ నిర్దిష్టమైనదే గెలుస్తుంది. కాబట్టి వైర్‌గార్డ్ క్లయింటులో 'అలౌడ్ ఐపీస్' దగ్గర 192.168.1.20/32 అని ఒక్క నాస్ చిరునామానే ఇచ్చాను. ఇప్పుడు ప్యాకెట్లు రాస్‌బెరీ దాటి నాస్‌కి వెళ్తున్నాయి, జవాబు లేదు.

చాలామంది తడబడేది ఇక్కడే. వెళ్ళే దారి వేస్తాం, తిరిగొచ్చే దారి మరిచిపోతాం. నాస్‌కి 10.8.0.2 ఎవరో తెలియదు, జవాబుని రౌటర్‌కిచ్చింది. రౌటర్‌కీ తెలియదు, ఇంటర్నెట్ వైపు తోసేసింది. ప్రైవేటు చిరునామాలకి అక్కడ దిక్కులేదు. బయల్దేరేముందు నేను పరీక్షించింది వీపీఎన్ కలుస్తోందా అని మాత్రమే మరి!

అప్పటికి రాస్‌బెరీలో ఐపీటేబుల్స్‌తో మాస్కరేడ్ పెట్టాను. దాంతో ప్యాకెట్లన్నీ 192.168.1.10 నుంచే వచ్చినట్టు నాస్‌కి కనిపిస్తాయి, జవాబూ అక్కడికే వస్తుంది. పది నిమిషాల్లో రిపోర్టు డాక్టరుగారి చేతిలో ఉంది.

తిరిగొచ్చాక ఇంటి సబ్‌నెట్‌ని 192.168.147.0/24కి మార్చాను. రౌటర్‌లో స్టాటిక్ రూటు వేశాను: 10.8.0.0, మాస్క్ 255.255.255.0, గేట్‌వే 192.168.147.10. మాస్కరేడ్ తీసేశాను, నాస్ లాగ్‌లో ఎవరొచ్చారో తెలియాలి కదా. కొన్ని రౌటర్లలో స్టాటిక్ రూటుకి చోటే ఉండదు. కొన్నింటి ఫైర్‌వాల్ సగం సంభాషణే చూసి అనుమానంతో ఆపేస్తుంది. అలాంటప్పుడు మాస్కరేడ్ ఉంచేయండి.

అన్నట్టు, సబ్‌నెట్ మార్చినప్పుడు రౌటర్‌లోని యూడీపీ 51820 పోర్టు ఫార్వర్డ్‌ని కూడా రాస్‌బెరీ కొత్త చిరునామాకి మార్చాలి. నేను మరిచిపోయాను. ఈసారి ఇంట్లోనే ఉన్నాను కాబట్టి సరిపోయింది.