చూచినవారెందరు? – సెల్‌ఫోను అంకెలను గూర్చి రైతులకొక పాఠము



కలిగిరి, డి.సి. పల్లి పొగాకు వేలము కేంద్రములలో మన బేలును తూచునపుడు కాటా సున్న యొద్దనుండి మొదలైనదో లేదో చూడనిదే మన మనస్సు కుదుటపడదు. విత్తనములు కొలుచునపుడు కొలతపాత్రను తిప్పిచూతుము. కాని సెల్‌ఫోను తెరపై ఒక వీడియో క్రింద "లక్ష వ్యూస్" అని కనబడినపుడు, ఆ లక్షను దేనితో కొలిచిరి, ఎవరు కొలిచిరి యని యడుగువారు మనలో అరుదు. ఆ యంకెను నమ్మి క్రొత్త విత్తనములు కొనువారు గలరు. తోటలు పెట్టువారు గలరు. నోటీసును గ్రూపులో వేసితిమి గనుక సభ్యులందరికిని తెలిసినదని తలంచు సంఘములును గలవు. ఈ తలంపుల వలన కలుగు నష్టము రైతుదే. కావున ఈ యంకె యెట్లు పుట్టునో, దానిని ఎంతవఱకు నమ్మవచ్చునో ఈ నెల పాఠములో తెలిసికొందము.

1. కనబడుట వేరు, చేరుట వేరు

కొండాపురము కూడలిలో "సంఘములో మినుము విత్తనములు వచ్చినవి" అని ఒక బోర్డు కట్టితి మనుకొందము. ఒక రైతు ఉదయము పాలకేంద్రమునకు పోవుచు ఒకసారి, వచ్చుచు ఒకసారి ఆ బోర్డును చూచెను. సాయంకాలము మరల రెండుసార్లు చూచెను. బోర్డు కనబడినది నాలుగు సార్లు. చూచిన మనిషి ఒక్కడు. ఇట్టివారు 50 మంది యున్నచో బోర్డు 200 సార్లు కనబడినట్లు లెక్క. ఆ 50 మందిలో నిలిచి చదివినవారు 20 మంది. సంఘమునకు వచ్చి ధర యడిగినవారు 5 గురు. విత్తనములు కొన్నవారు ఇద్దరు. ఇవి పాఠము కొఱకు ఊహించిన యంకెలు. కాని క్రమము మాత్రము ఎల్లప్పుడు నిట్లే యుండును.

ఫేస్‌బుక్కు మొదలగు వానిలో ఈ 200 అను అంకెకు "ఇంప్రెషన్స్" అనియు, 50 అను అంకెకు "రీచ్" అనియు పేరు. మొదటిది తెరపై కనబడిన మారుల లెక్క. రెండవది వేర్వేరు మనుష్యుల లెక్క. ఇదియును అంచనాయే, ఏలయన ఒకే మనిషికి రెండు ఖాతాలుండవచ్చును, ఒకే ఫోనును ఇంటిలో నలుగురు చూడవచ్చును. మొదటి యంకె ఎప్పుడును పెద్దదిగా నుండును. అందుచేతనే తమ ప్రచారమును గొప్పగా చెప్పుకొనువారు దానినే మనకు చూపుదురు. మనకు కావలసినదియో, అన్నిటికంటె చిన్నదగు చివరి యంకె.

2. ఒక్కొక్కచోట ఒక్కొక్క మానిక

పూర్వము ఊరికొక మానిక యుండెడిది. ఒక ఊరి మానికెడు మరియొక ఊరి మానికెడుతో సరిపోయెడిది కాదు. నేటి చూపుల లెక్కయు నట్లే యున్నది.

యూట్యూబులో వీడియో ముఖచిత్రము కనీసము సగము తెరపై కనబడి, ఒక సెకనుకు మించి నిలిచినచో దానిని ఒక ఇంప్రెషనుగా లెక్కింతురు. వీడియోను తెరువకున్నను ఈ లెక్క చేరును. షార్ట్స్ అను పొట్టి వీడియోల విషయములో 2025 మార్చి 31వ తేది నుండి వీడియో ఆడుట మొదలైనంతమాత్రముననే ఒక వ్యూ. మరల ఆడినచో మరియొక వ్యూ. ఇంతసేపు చూడవలెనన్న నియమము లేదు. వ్రేలితో తెరను పైకి త్రోయుచు పోవువాని కంటిముందు క్షణకాలము మెరసిపోయినను అది లెక్కలో చేరును. ఫేస్‌బుక్కు వీడియోల లెక్కలో బహుకాలము 3 సెకనులు చూచుటయే ఒక వ్యూ. ట్విట్టరు (నేటి ఎక్స్) 2022 డిసెంబరులో ప్రతి పోస్టు క్రింద చూపుల సంఖ్యను అందరికిని కనబడునట్లు చేసెను. అందులో ఒకే మనిషి పలుమారులు చూచినను పలు చూపులుగా చేరును.

కావున ఒకచోటి పదివేలు మరియొకచోటి పదివేలతో సమానము కాదు. రెంటిని పోల్చుటకు ముందు మానిక ఒకటియేనా యని యడుగవలెను.

3. కొలుచువాడును పొరబడును

2016 సెప్టెంబరులో ఫేస్‌బుక్కు సంస్థ తన లెక్కలలోని ఒక పెద్ద పొరపాటును ఒప్పుకొనెను. వీడియోలను జనులు సగటున ఎంతసేపు చూచుచున్నారో ప్రకటనదారులకు చెప్పు అంకెను సుమారు రెండేండ్లపాటు ఎక్కువచేసి చూపినట్లు బయటపడెను. పొరపాటు ఎట్టిదనగా, 3 సెకనులలోపలనే వీడియోను విడిచిపోయినవారిని లెక్కనుండి తీసివైచి, నిలిచి చూచినవారితో మాత్రమే భాగించిరి.

దీనిని మన సేద్యపు మాటలలో చెప్పవలెనన్న సులభమే. పదియెకరముల కంది వేసితిమి. నాలుగెకరములు వానలేక ఎండిపోయెను. మిగిలిన ఆరెకరములలో 24 బస్తాలు పండెను. ఎండిన నాలుగెకరములను వదలి లెక్కించినచో ఎకరమునకు 4 బస్తాలు. అన్నిటిని చేర్చి లెక్కించినచో 2 బస్తాల 40 పాళ్లు మాత్రమే. మొదటి లెక్కను నమ్మి అప్పు తెచ్చినవాడు ఏమగునో మెట్ట రైతులకు వేరుగా చెప్పనక్కఱలేదు.

ఇవి పొరపాటున జరిగినవి. ఇంతియ గాక, పైకము పుచ్చుకొని యంత్రములచేత దొంగచూపులను, దొంగ లైకులను పెంచు వ్యాపారమును లోకమున గలదు. పైకము కట్టి పోస్టును ఎక్కువమందికి చూపించుకొను పద్ధతి న్యాయమైనదే. కాని అట్లు వచ్చిన చూపులు పైకముయొక్క బలమును తెలుపునే గాని, సరకుయొక్క గుణమును తెలుపవు.

4. మన ఖాతాను అనుసరించువారందరును చూతురా?

ఒక సంఘపు ఫేస్‌బుక్కు పుటను వేయిమంది అనుసరించుచున్నారనుకొందము. సంఘము వేసిన ప్రతి పోస్టును వేయిమందియు చూతురని తలంచుట పొరపాటు. 2006లో ఫేస్‌బుక్కు వార్తల వరుసను ప్రవేశపెట్టినది మొదలు, ఎవరి తెరపై ఏది ముందు రావలెనో సంస్థవారి యంత్రగణితమే నానాటికి ఎక్కువగా నిర్ణయించుచున్నది. ఒకడు దేనిని ఎక్కువసేపు చూచునో, దేనికి జవాబు వ్రాయునో, అట్టివే వానికి మరల మరల చూపబడును. వినోదపు వీడియోలు చూచువాని తెరపైకి సంఘపు ఎరువుల నోటీసు రాకయే పోవచ్చును. ఇది ఆ రైతు అశ్రద్ధ కాదు. నోటీసు వానిని చేరనే లేదు.

5. వాట్సాపు గ్రూపులోని నోటీసు

మన పల్లెలలో ఎక్కువ వాడుకలోనున్నది వాట్సాపు. ఇందులో సందేశము ప్రక్కన ఒక గీత పడినచో పంపబడెననియు, రెండు గీతలు పడినచో ఫోనుకు చేరెననియు, అవి నీలిరంగైనచో తెరువబడెననియు అర్థము. గ్రూపులో మాత్రము అందరి ఫోనులకు చేరినప్పుడే రెండవ గీత, అందరును తెరచినప్పుడే నీలిరంగు వచ్చును. మనము పంపిన సందేశముపై వ్రేలు నొక్కిపట్టి "ఇన్ఫో" అను మాటను ఎన్నుకొన్నచో, తెరచినవారి పేర్లును, చేరియు తెరువనివారి పేర్లును వేర్వేరుగా కనబడును. సంఘ కార్యదర్శులు ఈ పనిని తప్పక నేర్చుకొనవలెను.

ఒక లెక్క వేసి చూతము. సంఘములో సభ్యులు 300 మంది. గ్రూపులో నున్నవారు 220 మంది. నోటీసు చేరిన ఫోనులు 200. తెరచినవారు 130 మంది. నోటీసు తెలియనివారు మిగిలిన 170 మంది, అనగా సంఘములో సగముకంటె ఎక్కువ. ఈ 170 మంది ఎవరు? మీటల ఫోను మాత్రమే గలవారు, చేనిలోనే కాపురముండువారు, చూపు మందగించిన వృద్ధులు, భర్త పోయిన పిమ్మట భూమి తన పేర నుండియు ఫోను కుమారుని చేత నున్న తల్లులు. కుమారుడు పట్టణములో సందేశము తెరచినను గీతలు నీలిరంగగును; తల్లికి మాత్రము ఏమియు తెలియదు. పంటల బీమాకు చివరి తేది ఎప్పుడో, యూరియా ఎన్నడు వచ్చునో, ఋణపు వాయిదా ఎప్పుడో తెలియవలసినవారు ముఖ్యముగా వీరే. గ్రూపులో వేసితిమని చేతులు దులుపుకొన్న సంఘము వీరికి అన్యాయము చేసినట్లే.

ఇతరులకు మరల పంపబడు సందేశములను గూర్చి యొక మాట. వాట్సాపులో మొత్తము ఎందరు చూచిరో తెలుపు లెక్క యేదియు లేదు. ఐదు చేతులు మారివచ్చిన సందేశముపై రెండు బాణపు గుర్తులతో "అనేకసార్లు ఫార్వర్డు చేయబడినది" అను గుర్తు కనబడును. 2020 ఏప్రిల్ నుండి అట్టిదానిని ఒక మారు ఒక్కరికి లేక ఒక గ్రూపునకు మాత్రమే పంపగలము. ఆ గుర్తును ప్రశంసగా గాక హెచ్చరికగా భావింపవలెను.

6. చూపులు పెరిగినంత మాత్రమున మాట నిజమగునా?

మన నెల్లూరు జిల్లాలోనే జరిగిన సంగతిని జ్ఞాపకము చేసికొందము. 2021 మే నెలలో, కరోనా రెండవ విజృంభణ కాలమున, కృష్ణపట్నములో ఆనందయ్యగారు ఇచ్చుచుండిన మూలికామందును గూర్చిన వీడియోలు ఫోనునుండి ఫోనుకు వ్యాపించినవి. కంటిలో చుక్కలు వేయగానే తేఱుకొంటినని ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు చెప్పిన వీడియో మిక్కిలి ప్రచారము నొందెను. జనము వేలకొలదిగా వచ్చిపడిరి. పంపిణీని నిలుపవలసి వచ్చెను. ఆ ఉపాధ్యాయుడు కొన్ని దినములకే నెల్లూరు ప్రభుత్వ వైద్యశాలలో మరణించెను. మే 31వ తేదిన రాష్ట్ర ప్రభుత్వము తక్కిన మందులకు అనుమతినిచ్చి, కంటిచుక్కలకు మాత్రము ఈయలేదు. మందు గుణదోషములను నిర్ణయించుట ఈ పాఠముయొక్క పని కాదు. మనము గ్రహింపవలసిన దేమన, ఎందరు చూచిరను అంకె మాట సత్యమా కాదా యను ప్రశ్నకు జవాబు కాదు. మొదటి వీడియోను చూచిన ప్రతివానికిని తరువాతి వార్త చేరునన్న నమ్మకమును లేదు.

మరియొక సంగతి. 2020 జూలైలో మదనపల్లె ప్రాంతమున ఒక రైతు కుమార్తెలు కాడి లాగుచు దుక్కి దున్నుచున్న వీడియో దేశమంతట వ్యాపించెను. నటుడు సోనూ సూద్ దానిని చూచి ఆ కుటుంబమునకు ట్రాక్టరు పంపెను. చూచినవారు అనేకులు, ట్రాక్టరు పంపినవాడు ఒక్కడు. పదిమంది చూచినను అందులో కావలసినవాడు ఒక్కడుండిన కార్యము నెఱవేరును. లక్షమంది చూచినను వాడు లేకున్న నెఱవేరదు.

7. పంట వేయుటకు ముందు

చూపుల సంఖ్య దినదినము పోగగు సంఖ్య. ఎప్పటి మాటయో అది చెప్పదు. ఎండకాలములో గూడూరు, పొదలకూరు మార్కెట్లలో నిమ్మకాయల ధర పెరిగినపుడు తీసిన వీడియో, వానకాలమున ధర పడిపోయిన పిమ్మటను తిరుగుచునే యుండును. దాని చూపులు పెరుగుచునే యుండును. కావున మొదట తేది చూడవలెను, పిమ్మట ధర చూడవలెను.

అంతకంటె ముఖ్యమైనది మరియొకటి. "ఈ పంట వేసిన లక్షలు" అను వీడియోను లక్షమంది చూచిరనుకొందము. నూటికి ఒక్కడు ఒక్కొక్క యెకరము వేసినను వేయి యెకరములు క్రొత్తగా తయారగును. సరకంతయు ఒక్కసారి మార్కెట్టునకు వచ్చిన నాడు వీడియోలో చెప్పిన ధర నిలుచునా? నిమ్మతోట మూడవ నాల్గవ యేట గాని కాపునకు రాదు. నేటి ధరను చూచి నాటినవాడు నాటి ధరకు అమ్ముకొనవలెను. పెద్ద యంకెను చూచి మనము తొందరపడుదుము. నిజమునకు అది ఆగి ఆలోచింపుమని చెప్పుచున్నది. అట్టి వేళ రైతు సేవా కేంద్రములోగాని, నెల్లూరు కృషి విజ్ఞాన కేంద్రములోగాని, నిమ్మ విషయమున వెంకటగిరి దగ్గరి పెట్లూరు పరిశోధనా స్థానములోగాని విచారించుట మేలు.

8. సంఘములు చేయదగిన పనులు

ఒకటి: సరకు అమ్మకమునకు పోస్టు పెట్టినపుడు చూపులను గాక, ఫోను చేసినవారిని, వచ్చినవారిని, కొన్నవారిని మూడు వరుసలుగా పుస్తకములో వ్రాయవలెను. వచ్చిన ప్రతివానిని "ఎక్కడ చూచి వచ్చితిరి?" అని యడుగవలెను.

రెండు: ముఖ్యమైన నోటీసు పంపిన మరునాడు "ఇన్ఫో" చూచి, తెరువనివారికిని గ్రూపులో లేనివారికిని ఫోను చేసియో, ఇంటికి పోయియో తెలుపవలెను.

మూడు: బోర్డును, దండోరాను మానరాదు. దండోరా వేయువాడు వీథి చివరి యింటివఱకు నడచిపోవును. గ్రూపు సందేశము గ్రూపులో నున్నవారి వఱకే పోవును.

నాలుగు: ప్రతి నోటీసులో తేదిని, సంవత్సరమును, సంఘము పేరును మొదటి పంక్తిలోనే వ్రాయవలెను. పాత నోటీసు తిరిగివచ్చినను ఎవరును మోసపోరు.

అభ్యాసము

1. ఒక పోస్టునకు ఇంప్రెషన్స్ 900, రీచ్ 300. సగటున ఒక్కొక్కరికి ఎన్నిమారులు కనబడినది?

2. మీ సంఘపు గత నోటీసు ఎందరు సభ్యులకు చేరలేదో లెక్కించి, వారి పేర్లు వ్రాయుడు.

3. మీరు నమ్మిన ఒక వ్యవసాయపు వీడియో ఏ తేదిదో, చెప్పినవాడు దేనినైన అమ్ముచున్నాడో లేదో విచారింపుడు.

మొదటి ప్రశ్నకు జవాబు మూడు మారులు. తక్కిన రెంటికి జవాబులు మీ ఊరిలోనే యున్నవి. రెండవ ప్రశ్నకు వ్రాసిన పేర్లను మాత్రము కాగితముపై నుంచక, రాబోవు సర్వసభ్య సమావేశమునకు ముందు ఆ ఇండ్ల తలుపు తట్టుడు.