పక్కింట్లో సిక్సర్ ముందు, మనింట్లో తర్వాత



ఐపీఎల్ సీజన్‌లో నానక్‌రామ్‌గూడ అపార్ట్‌మెంట్లలో చాలామందికి అనుభవమైన విషయమే ఇది. మన టీవీలో బౌలర్ ఇంకా పరుగు మొదలుపెట్టడు. పై ఫ్లోర్‌లో అప్పటికే "సిక్స్!" అని కేక వినిపిస్తుంది. "వాళ్లకు ముందే ఎలా తెలిసింది నాన్నా?" అని మీ పిల్లలు అడిగారా? అయితే మంచి సైన్స్ పాఠం మీ ఇంటికే వచ్చినట్టు.

ఆలస్యం ఎందుకు?

కేబుల్, డీటీహెచ్‌లలో ఒకే ప్రసారం అందరికీ దాదాపు ఒకేసారి అందుతుంది. స్ట్రీమింగ్‌లో వీడియోను కొన్ని సెకన్ల ముక్కలుగా చేసి, ఒక్కో ఫోన్‌కు, టీవీకి విడివిడిగా ఇంటర్నెట్ ద్వారా పంపుతారు. ఆట మధ్యలో ఆగకుండా యాప్ కొన్ని ముక్కలను ముందే తెచ్చి దాచుకుంటుంది. దాన్నే బఫర్ అంటారు. అందుకే మన తెర వెనకబడుతుంది.

మారింది ఇదొక్కటేనా?

2022 జూన్ వేలంలో ఐపీఎల్ డిజిటల్ హక్కుల ధర టీవీ హక్కుల ధరను దాటింది. 2023లో మ్యాచ్‌లు జియోసినిమాలో ఉచితంగా ఫోన్లకు చేరాయి. నచ్చిన భాషలో, ఎక్కడున్నా చూసే వీలు దొరికింది. కానీ హాల్లో ఒకే టీవీ ఉన్న రోజుల్లో అందరూ ఒకే బంతికి లేచి నిలబడేవారు. 2024 మార్చి 27న ఉప్పల్‌లో సన్‌రైజర్స్ 277 పరుగులు చేసినలాంటి సాయంత్రం, నాన్న క్యాబ్‌లో, బాబు తన గదిలో, నానమ్మ హాల్లో ఉంటే మూడు తెరల మీద మూడు వేర్వేరు బంతులు నడుస్తుంటాయి. ఒకరి ఆనందం ఇంకొకరికి ముందే తెలిసిపోయిన కబురు అవుతుంది.

ఇంట్లో చేసి చూడండి

1. టీవీలో, ఫోన్‌లో ఒకే మ్యాచ్ పెట్టండి. పది బంతులకు తేడాను స్టాప్‌వాచ్‌తో కొలిచి, సగటు కట్టమనండి.

2. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది. 100 మీటర్ల దూరంలోని టవర్ నుంచి కేక మనకు చేరడానికి ఎంతసేపు? (సుమారు 0.3 సెకను.) మరి మీరు కొలిచిన ఆలస్యానికి కారణం శబ్దమా, బఫరా? జవాబు పిల్లలనే చెప్పనివ్వండి.

3. ప్రయోగం అయ్యాక ఫోన్లు పక్కన పెట్టి, చివరి ఐదు ఓవర్లు హాల్లో, తెలుగు కామెంటరీతో, అమ్మమ్మా తాతయ్యలతో కలిసి చూడండి.

పక్కింటి కేక ముందే వినిపించినా ఫర్వాలేదు. మనింట్లో కేక మాత్రం అందరిదీ ఒకేసారి వినిపించాలి.