పని ఆగినచోట నేర్వదగిన పాఠము

కాయకము కడుపు నింపుటకు మాత్రమే యేర్పడినది కాదు. మనుష్యునకు మర్యాదను గూర్చునదియు అదియే. పండ్రెండవ శతాబ్దమున కల్యాణ నగరమందు బసవేశ్వరుని చుట్టును చేరిన శరణులలో బట్టలుతికిన మడివాళ మాచయ్య, పడవ నడపిన అంబిగర చౌడయ్య, త్రాళ్ళు పేనిన నులియ చందయ్య మున్నగువారు కలరు. వీరు వృత్తిని విడిచి శరణులైనవారు కారు; వృత్తియందుండియే శరణులైరి. కావున “చేయు పనిని మరింత బాగుగా చేయుట ఎట్లు?” అను ప్రశ్నను కేవలము లౌకికమని త్రోసిపుచ్చరాదు.

సొంతముగా వ్యాపారమునో, చిన్న పరిశ్రమనో నడుపు గృహస్థునకు ఒకానొక దశలో అడుగు ముందునకు పడని స్థితి ఏర్పడును. ఉదయమున అంగడి తలుపు తెరచుట, రాత్రి మూయుట జరుగుచునే యుండును. రాబడి మాత్రము పెరుగదు. అప్పు తీరదు, పిల్లల చదువు ఖర్చు ఆగదు. “నాకు ఏదో తెలియకున్నది, దానిని నేర్వవలెను” అను తలంపు అప్పుడు కలుగును. తలంపు మంచిదే; కాని నేర్వవలసినది ఏది? ఒకరు ఆంగ్లము నేర్వుమందురు. మరియొకరు కంప్యూటరు లెక్కలు నేర్వుమందురు. వేరొకరు సెల్‌ఫోనులో ప్రకటనలిచ్చు విధము నేర్వుమందురు. అన్నింటిని కొంచెము కొంచెముగా పట్టుకొనినవానికి కాలమును రుసుమును వ్యయమగును. పని మాత్రము నిలిచినచోటనే నిలిచియుండును. ఈ చిక్కు వీడు విధమును ఒక యథార్థ చరిత్ర చక్కగా తెలుపుచున్నది.

కమ్మరి కుమారుని విద్య

జపాను దేశీయుడగు సొయిచిరో హోండా 1906లో ఒక కమ్మరి యింట జన్మించెను. 1922లో టోక్యో నగరమునకు పోయి, మోటారు కార్లను మరమ్మతు చేయు ఆర్ట్ షోకై అను కర్మశాలలో పనివాడుగా చేరెను. 1928లో హమమాత్సు పట్టణమున ఆ సంస్థ శాఖను తెరచి, నేర్పరియని పేరుగాంచెను. అయినను ఒరులు చేసిన వస్తువులను బాగుచేయుటతో అతనికి తృప్తి కలుగలేదు. తానే యొక వస్తువును తయారు చేయదలచి పిస్టన్ రింగుల నెన్నుకొనెను.

పిస్టన్ రింగు చూచుటకు చిన్న యినుప వలయము. ఇంజనులోని గొట్టమందు పైకి క్రిందికి ఆడు పిస్టన్ చుట్టును అది అమరియుండి, మండిన వాయువు జారిపోకుండ, నూనె పైకి ప్రాకకుండ అడ్డుకొనును. అది గట్టిగా నుండవలెను. స్ప్రింగువలె సాగి ముడుచుకొనవలెను. హోండా రాత్రింబవళ్ళు శ్రమించి పోతపోసిన రింగులు పెళుసై విరిగిపోవుచుండెను. చేతి నేర్పు లోపించినదా? లేదు. శ్రమ లోపించినదా? అదియును లేదు. అచ్చట మరింత శ్రమించుట వలన ప్రయోజనము లేకుండెను.

తుదకు అతడు తన రింగును హమమాత్సులోని సాంకేతిక విద్యాలయమునకు తీసికొనిపోయి చూపెను. పరీక్షించిన ఆచార్యుడు, లోహమున సిలికాను చాలలేదని తెలిపెను. పోత యినుమునందలి కర్బనము గ్రాఫైటు రూపమున విడివడుటకు సిలికాను తోడ్పడును; అది చాలనిచో ఇనుము గట్టిపడి పెళుసగును. ఈ సంగతియే హోండా ఎరుగడు. ముప్పది యేండ్ల వయస్సున, ఒక కర్మశాలకు పెద్దయై యుండియు, అతడు సిగ్గుపడక కుర్రవాండ్ర నడుమ కూర్చుండి లోహశాస్త్ర పాఠములను వినెను. పట్టము అతనికి లక్ష్యము కాలేదు. తన రింగు విరుగకుండుటయే లక్ష్యము.

ప్రశ్న మారుచుండును

1937లో మంచి రింగు సిద్ధమైనది. అంతటితో కథ ముగియలేదు. టయోటా సంస్థకు పరీక్షకై పంపిన 50 రింగులలో 3 మాత్రమే నెగ్గెను. ఇప్పుడు లోపము లోహజ్ఞానమున లేదు. ఒక్క మంచి రింగును చేయుట వేరు. వేలకొలది రింగులను ఒక్క తీరున చేయుట వేరు. అందుచే అతడు మరి రెండేండ్లపాటు విశ్వవిద్యాలయములను, ఉక్కు కర్మాగారములను తిరిగి తయారీ పద్ధతులను గ్రహించెను. పిమ్మట టయోటాకును, నకజిమా విమాన సంస్థకును రింగులు సరఫరా చేయగలిగెను. నిన్నటి ప్రశ్నకు దొరికిన సమాధానము నేటి ప్రశ్నకు చాలదని దీనివలన తెలియుచున్నది.

మూడవ ఘట్టము మరియు గమనింపదగినది. హోండా 1948లో తన పేరిట మోటారు సంస్థను స్థాపించెను. యంత్రములు చేయుట అతనికి తెలియును. సరకు అమ్ముట, ధనము సమకూర్చుట అతని స్వభావమునకు సరిపడవు. ఈ పర్యాయము అతడు పాఠశాలకు పోలేదు. 1949లో తకెయో ఫుజిసావాను తోడు చేర్చుకొని, ధన వ్యవహారములను, విక్రయములను అతని కప్పగించెను. ఇరువురును 1973లో ఒక్కసారిగా పదవీ విరమణ చేయువరకు ఈ పొత్తు సాగెను. నేర్వవలసినది తెలియుట ఎంత ముఖ్యమో, తాను నేర్వక మరియొకరికి విడువవలసినది తెలియుటయు అంతే ముఖ్యము. అయితే అప్పగించుట వేరు, కన్నులు మూసికొనుట వేరు. లెక్కలు ఇతరులు వ్రాసినను, వానిని చదువునంతటి జ్ఞానము యజమానికి ఉండియే తీరవలెను.

ఇంటి వ్యాపారమునకు అన్వయము

ఒక పట్టణమున గానుగ నూనె తీయించి అమ్ము గృహస్థు డున్నాడనుకొనుడు. అమ్మకము క్రమముగా తగ్గుచున్నది. ప్రకటనలిచ్చుట నేర్చినచో బాగుపడునని అతని కుమారుడనును. కొత్త యంత్రము కొనుడని బంధువు చెప్పును. అతడు ఈ రెంటికిని ముందుగా, కొనుట మానిన నలుగురి యిండ్లకు పోయి అడుగవలెను. “నెల తిరుగకముందే వాసన వచ్చుచున్నది” అని వారు చెప్పినచో, నేర్వవలసినది ప్రకటన కాదు. గింజ ఎంతవరకు ఆరవలెను, నూనెకు గాలి, వెలుతురు, వేడి తగులకుండ ఎట్లు నిలువచేయవలెను అనునది అతని పాఠము. చెడు నూనెకు ప్రకటన తోడైనచో, ఆ చెడుగు మరి పదిమందికి తెలియుటయే జరుగును.

అట్లుగాక, నూనె మంచిదేయని అందరును మెచ్చుచు, అరువు మాత్రము వసూలు కాకున్నచో, లెక్కలు వ్రాయుట, అరువునకు హద్దు పెట్టుట నేర్వవలెను. నూనెయు మంచిదై, చేతిలో రొక్కమును ఉండి, ఆ వీధి దాటి ఎవరికిని తెలియకున్నచో, అప్పుడు కుమారుని మాట సరియైనది. వ్యాపారము ఒక్కటే, ఆగిన చోటునుబట్టి పాఠము మారినది.

ఈ చరిత్రలనుండి ఒక క్రమము ఏర్పడుచున్నది. మొదట పని సరిగా ఎచ్చట ఆగినదో కనిపెట్టవలెను. తానే ఊహించుకొనక, వస్తువును పరీక్షించియు, కొనువారిని విచారించియు తెలిసికొనవలెను. రెండవది, ఆ విషయము తెలిసినవారెవరో వెదకి, వయస్సును హోదాను ప్రక్కన పెట్టి అడుగవలెను. మూడవది, ఆటంకము తొలగుటకు ఎంత కావలెనో అంత నేర్చి వెంటనే పనిలో పెట్టి చూడవలెను. నాలుగవది, తన స్వభావమునకు సరిపడని దానికి నమ్మదగిన తోడును చేర్చుకొనవలెను.

తనకు తెలియదని ఒప్పుకొనుట పలువురికి కష్టముగా నుండును. తండ్రి కుమారుని అడుగుటకు, యజమాని పనివానిని అడుగుటకు వెనుదీయును. కాని కాయకమునుండి వచ్చినదే దాసోహమునకు చెందును. లోపమెరిగియు దిద్దుకొనని పనినుండి వచ్చిన దానిని జంగమునకు సమర్పించుటకు చేయి ఎట్లు వచ్చును? అడుగుటకు పడిన సిగ్గు ఒక గడియ ఉండును. అడుగకపోవుట వలని నష్టము ఇంటిల్లిపాదికిని చెందును.

మననమునకు ప్రశ్నలు

1. హోండా మొదట లోహశాస్త్రమును, పిదప తయారీ పద్ధతులను నేర్చుటకు కారణములేవి?

2. విక్రయ వ్యవహారములను అతడు స్వయముగా నేర్వక ఇతరుని కప్పగించుట యుక్తమేనా? అప్పగించినను యజమాని ఎరుగవలసిన దేమి?

3. మీ ఇంటి వృత్తి యందు పని ఆగిన చోటు ఏది? అది మీ ఊహయా, లేక విచారించి తెలిసికొనినదా?