కొరతలో పుట్టిన రుచులు

ఒక ప్రాంతపు వంటకాలను పరిశీలిస్తే, ఆ ప్రాంతపు నేల, నీరు, ప్రజల కష్టసుఖాలు మనకు బోధపడతాయి. ఉత్తర చైనాలోని షాన్సీ రాష్ట్రం ఇందుకు చక్కని నిదర్శనం.

‘షాన్సీ’ అంటే ‘పర్వతాలకు పడమటి భూమి’ అని అర్థం. తూర్పున తాయ్‌హాంగ్ పర్వతశ్రేణి, పడమట హొయాంగ్ హో నది ఆ రాష్ట్రానికి ఎల్లలు. లక్షల ఏండ్లుగా గాలులు మోసుకొనివచ్చి పేర్చిన పసుపుపచ్చని మెత్తని మట్టి ఆ పీఠభూమిని కప్పి ఉంది. అక్కడ వర్షం తక్కువ, చలి ఎక్కువ. అందువలన జొన్న, కొర్ర, వరిగ, ఓట్లు మొదలైన మెట్టపంటలే పూర్వం అక్కడి ప్రజలకు ఆధారం. గోధుమ ప్రధానంగా దక్షిణపు లోయలలో పండేది.

గోధుమపిండికి సాగే గుణం ఉంది, జొన్నపిండికి లేదు. జొన్నరొట్టె చేసే మన గృహిణులకు ఈ ఇబ్బంది తెలిసినదే. అందుకే వారు పిండిని వేడినీటితో కలుపుతారు. షాన్సీ గృహిణులు మరొక ఉపాయం కనిపెట్టారు. జొన్నపిండి ముద్దను పలుచని గోధుమపిండి పొరలో చుట్టి, అప్పడంవలె వత్తి, సన్నని పోగులుగా కోసి ఉడికిస్తారు. పైన తెలుపు, నడుమ ఎరుపు. కొద్దిపాటి గోధుమతో ఇంటిల్లిపాదికీ భోజనం అమర్చే నేర్పు అందులో ఉంది.

ఓట్లతో చేసే వంట ఇంకా శ్రమతో కూడినది. ముందుగా గింజలను వేయిస్తారు. తరువాత వాటి పిండిని సలసల మరిగే నీటితో కలుపుతారు. చిన్న ముద్దను నున్నని రాతిపలకపై అరచేతితో పలుచగా సాగదీసి, వేలికి చుట్టి గొట్టంవలె చేస్తారు. ఆ గొట్టాలను పక్కపక్కనే నిలిపి ఆవిరిపై ఉడికిస్తే, పాత్ర తేనెపట్టువలె కనిపిస్తుంది. ఇక కత్తితో చెక్కే నూడుల్స్ ప్రసిద్ధి లోకమెరిగినదే. వంటవాడు ఒక చేత పిండిముద్దను పట్టుకొని, మరొక చేత వంపు తిరిగిన కత్తితో చెక్కుతూ ఉంటే, పొడవైన ఆకులవంటి ముక్కలు నేరుగా మరిగే నీటిలో పడతాయి.

ఈ వంటకాలన్నిటికీ తోడు వెనిగర్. జొన్నలను ఉడికించి, బార్లీ, బఠాణీలతో చేసిన పులియబెట్టే దినుసును కలిపి దీనిని తయారుచేస్తారు. వేసవి ఎండకు అందులోని నీరు ఆవిరవుతుంది. శీతకాలంలో పేరుకొన్న మంచును తీసివేస్తారు. ఇలా ఎండకూ చలికీ ఓర్చి నిలిచినదే చిక్కని నల్లని వెనిగర్. తాయ్‌యువాన్ నగర సమీపంలోని చింగ్‌షూ దీనికి పేరెన్నిక గన్నది.

అయితే పాకనైపుణ్యం కొరతను సర్దగలదు గాని కరువును ఆపలేదు. 1876 నుండి 1879 వరకు అనావృష్టి వలన ఉత్తర చైనాలో ఘోరమైన కరువు సంభవించింది. 90 లక్షలకు పైగా ప్రజలు మరణించారని చరిత్రకారుల అంచనా. అన్నిటికంటె అధికంగా నష్టపోయినది షాన్సీయే. ఇరుకైన కొండదారులలో ధాన్యం సకాలంలో చేరలేకపోయింది. సరిగా ఆ కాలంలోనే రాయలసీమ ధాత కరువుతో అల్లాడిపోయింది. పసిఫిక్ మహాసముద్రం అసాధారణంగా వేడెక్కడం ఈ రెండు అనావృష్టులకూ ఒక ముఖ్య కారణమని శాస్త్రజ్ఞులు నిర్ణయించారు. ఒకరినొకరు ఎరుగని రెండు జొన్నసీమలు ఒకే దుఃఖాన్ని అనుభవించాయి.

నాడు గత్యంతరం లేక తిన్న ఆహారాన్ని నేడు షాన్సీ ప్రజలు తమ ప్రాంతపు గౌరవంగా భావించి అతిథులకు వడ్డిస్తున్నారు. విద్యార్థులారా! మన ఇండ్లలోని జొన్నరొట్టెను, కొర్రన్నాన్ని ‘మోటుతిండి’ అని చిన్నచూపు చూసేముందు ఒక్క క్షణం ఆలోచించండి. కొరతలోనూ బిడ్డల ఆకలి తీర్చిన తల్లుల బుద్ధిబలం ఆ పళ్ళెంలో ఉంది.

ప్రశ్నలు

1. జొన్నపిండితో నూడుల్స్ చేయడానికి షాన్సీ గృహిణులు అనుసరించిన ఉపాయాన్ని వివరించండి.
2. ‘పాకనైపుణ్యం కొరతను సర్దగలదు గాని కరువును ఆపలేదు’ – ఈ వాక్యాన్ని సమర్థించండి.
3. మీ ప్రాంతపు సంప్రదాయ వంటకం ఒకదానికీ అక్కడి నేలకూ గల సంబంధాన్ని గూర్చి వ్రాయండి.